ఆద్య అనుకున్నాం, హృద్య అయింది

పాప పుట్టడానికి రెండు నెలల ముందే మేం పేరు ఖాయం చేసుకున్నాం. ఆడపిల్లైతే ఆద్య. మగపిల్లాడైతే ఏమిటన్నది తేలలేదు, తేల్చుకోవాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు. ఆద్య అన్న మాట నోట్లో పడ్డాక ఇంకో పేరు ఎక్కలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ పేరుతో మాట్లాడేదాన్ని కూడా.

ఆ పేరు ఈమధ్య బాగా వినిపిస్తోందని తెలుసు. ఎంత వినిపిస్తోందో మాత్రం ఒక టీకా రోజున తెలిసింది. చెల్లి తన కొడుక్కి టీకా వేయిస్తుంటే తోడు వెళ్ళాను. నర్సు తలుపు తీసి "ఆద్య" అంది. ముగ్గురు తల్లులు లేచారు. నర్సు ఫైలు చూసి ఇంటిపేరు కూడా చదివింది. ఇద్దరు కూర్చున్నారు. కూర్చున్న వాళ్ళిద్దరూ పక్కపక్కనే ఉన్నారేమో, ఒకావిడ ఇంకో ఆవిణ్ణి అడిగింది: "ఇంగ్లీషులో మీరు ఒక ఏ పెడతారా, రెండా?" "రెండు. డి తర్వాత హెచ్ కూడా పెట్టాం" అంది ఆవిడ. ఇద్దరూ హాయిగానే మాట్లాడుకుంటున్నారు. నాకే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన పేరు శ్రీనివాస్. స్కూల్లో ఆయన క్లాసులో నలుగురు శ్రీనివాసులు ఉండేవాళ్ళట: పొడుగు శ్రీను, కళ్ళజోడు శ్రీను, సైకిల్ శ్రీను, ఈయనేమో రెండో బెంచీ శ్రీను. ఇదంతా విన్నాక నాకు మద్దతు దొరికినట్టే అనుకున్నాను. కానీ ఆయన అన్నది వేరు. "నా పేరు ఎవరికీ స్పెల్లింగ్ చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి చెబితే చాలు, రాసేసుకుంటారు. అది తక్కువ సుఖమేం కాదు" అన్నాడు. ఆ మాట నేను చాలా రోజులు పక్కన పెట్టాను గానీ, చివరికి వచ్చేసరికి నిజమే చెప్పాడనిపించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పేర్ల మోజు ఎలా నడుస్తుందో ఆ రాత్రి కాస్త చదివాను. అమెరికాలో ఏ పేరు ఎంతమంది పిల్లలకు పెట్టారన్న లెక్క 1880 నుంచీ ఏడాదివారీగా దొరుకుతుంది. అందులో జెన్నిఫర్ అన్న పేరు 1970 నుంచి 1984 వరకు వరసగా పదిహేనేళ్ళు ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానంలో ఉంది. ఆ తర్వాత దిగిపోయింది. అంటే ఆ పేరు వినగానే మనిషి వయసు ఇంచుమించు చెప్పేయొచ్చు. మన దగ్గర అలాంటి లెక్క నాకు దొరకలేదు గానీ, అవసరం కూడా లేదు. సుబ్బలక్ష్మి అనగానే ఒక తరం కళ్ళ ముందుకొస్తుంది. సుజాత, పద్మ అంటే ఒక తరం. శిరీష, మాధవి, లావణ్య అంటే ఇంకొకటి. శ్రావణి, మౌనిక అంటే మా ఈడు వాళ్ళు. అప్పట్లో మా అమ్మానాన్నలందరూ ఎవరికి వాళ్ళు కొత్త పేరు పెడుతున్నామనే అనుకుని ఉంటారు.

ఆ లెక్కల్లో ఇంకో సంగతి నన్ను ఆలోచింపజేసింది. స్పెల్లింగ్ మారితే అక్కడ వేరే పేరు కింద లెక్క. ఒకే పేరుని మూడు రకాలుగా రాస్తే అది మూడు చోట్లకు చీలిపోయి, ఒక్కోటీ ఉన్నదానికంటే అరుదుగా కనిపిస్తుంది. కానీ క్లాసులో టీచర్ పిలిచేది స్పెల్లింగ్‌ని కాదు కదా. చెవికి అన్నీ ఒకటే. ఒక ఏ, రెండు ఏలు, మధ్యలో హెచ్, ఇవన్నీ పెట్టుకుని మా పాప పేరు వేరు అనుకోవడం కుదరదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పాప పుట్టింది. ఆస్పత్రి కాగితాల మీద "బేబీ ఆఫ్" అని నా పేరు. ఇంట్లో బుజ్జి. అందరూ పేరేమిటని అడుగుతుంటే మేమిద్దరం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆద్యను వదులుకోవడం నాకు చాలా కష్టమైంది. రెండు నెలలు ఆ పేరుతోనే మాట్లాడాను కదా. ఎవరో మనిషిని గుమ్మం దాకా తీసుకొచ్చి లోపలికి రావద్దన్నట్టు అనిపించేది.

ముందు అందరూ చేసే పనే చేశాం. ఫోన్ పట్టుకుని పేర్ల జాబితాలు చూశాం. వేలకొద్దీ పేర్లు, ప్రతిదానికీ పక్కన ఒక అర్థం. రెండో రోజుకే నాకు అనుమానం మొదలైంది. శాన్వి అంటే ఒక చోట లక్ష్మి, ఇంకో చోట పార్వతి. అన్వి అంటే ఒక చోట అడవి దేవత. అద్విక అంటే సాటిలేనిది అని. కూర్చుని నిఘంటువుల్లో వెతికాను. నేను చూసిన వాటిలో ఈ మూడూ లేవు. సాటిలేనిది అన్న అర్థానికి అద్వితీయ అన్న మాట ఉంది, అద్విక లేదు. ఆ పేర్లు పెట్టుకున్నవాళ్ళను తప్పు పట్టడం లేదు. పిలవగా పిలవగా పేరుకు ఆ పాపే అర్థమవుతుంది. కానీ రేపు మా పాప "నా పేరుకు అర్థం ఏంటమ్మా" అని అడిగితే, ఏదో జాబితాలో చూసింది చెప్పడం నాకు ఇష్టం లేదు. కియారా సంగతి మరీ ఆశ్చర్యం. ఇటాలియన్‌లో కియారా అంటే వెలుగు, తేటదనం. ఐరిష్‌లో దాదాపు అవే అక్షరాలతో రాసే కీరా అన్న పేరుకు నలుపు అన్న మాట మూలం.

అప్పటి నుంచి జాబితాలు మూసేసి నిఘంటువులు తెరిచాను. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం లాంటివి ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే వెతుక్కోవచ్చు. రాత్రి పాలు పట్టేటప్పుడు ఒక చేత్తో పాపను, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూసేదాన్ని. పేర్ల కోసం నిఘంటువు చదవడంలో ఒక సుఖం ఉంది. మనకు తెలిసిన మాటే, ఇన్నాళ్ళూ పక్కనుంచి వెళ్ళిపోయిన మాట, ఒక్కసారి ఆగి మన వైపు చూస్తుంది.

నాకు అప్పుడే ఒకటి తెలిసొచ్చింది. అరుదైన పేరు అనగానే అందరం కొత్త పేరు కోసం చూస్తాం. ఎవరూ వినని శబ్దాలు కలిపి ఏదో తయారు చేస్తాం. దాంతో ఆ పేరు చెప్పిన ప్రతిసారీ "ఏంటండీ, మళ్ళీ చెప్పండి" అంటారు. పైగా రెండేళ్ళు తిరిగేసరికి ఆ అచ్చులోనే ఇంకో పది పేర్లు వస్తాయి. నాకు కావలసింది అది కాదు. వినగానే అందరికీ తెలిసిన మాట కావాలి, కానీ మా ఎరుకలో ఎవరికీ ఆ పేరు ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆ తర్వాత వెతకడం చాలా తేలికైంది.

మా ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, అది ఇంకా పనికొచ్చింది. "అసలు ఆద్యలో నీకు నచ్చిందేంటి?" అన్నాడు. అర్థం అన్నాను. ఆది, మొదలు, మొట్టమొదటిది. ఆయనకు అర్థం పట్టలేదట. రెండక్షరాలు ఉండటం, చివర "ద్య" దగ్గర నాలుక ఆగి వదలడం నచ్చాయట. ఇద్దరం ఒకే పేరును ఇష్టపడ్డాం గానీ రెండు వేరు వేరు కారణాలకు. అందుకే ఒకరు తెచ్చిన పేరు ఇంకొకరికి నచ్చేది కాదు. పది రోజుల గొడవకు కారణం అప్పుడు దొరికింది.

నా దారిలో ముందు వెళ్ళాం. మొదలు అన్న అర్థం వచ్చే మాటలు. ప్రథమ అంటే పరీక్షలో క్లాసు గుర్తొచ్చింది. ఆదిమ అంటే గుహల్లో ఉన్న మనుషులు. పూర్వ అంటే పదవి దిగిపోయినవాళ్ళ ముందు పెట్టే మాట. ఇక తొలకరి. ఈ పేరు దగ్గర నేను చాలా సేపు ఆగాను. మొదటి వాన. నాలుగక్షరాల్లో ఒక్కటీ కటువైనది లేదు. వినగానే మట్టి వాసన వస్తుంది. అచ్చ తెలుగు, తెలియనివాళ్ళు ఉండరు, ఈ పేరున్న అమ్మాయిని నేను చూడలేదు. మూడు రోజులు పాపను తొలకరి అని పిలిచాను. నాలుగో రోజు మా అత్తయ్య పేపర్ చదువుతూ "తొలకరి ఆలస్యమట" అని పైకి చదివారు. మర్నాడు టీవీలో "తొలకరి జల్లులు". ఆ మాట ఇంకా ఎక్కువ పనిలో ఉంది. పంటలతో, వానలతో రోజూ తిరుగుతున్న మాట. పాప కోసం దాన్ని అక్కడి నుంచి విడదీయడం నా వల్ల కాలేదు. ఇంకొకరెవరైనా ధైర్యం చేసి పెడితే నేను చాలా సంతోషిస్తాను. ఇప్పటికీ మొదటి వాన పడితే పాపను దగ్గరికి తీసుకుని ఆ మాట చెవిలో అంటాను.

తర్వాత వంతు మా నాన్నది. ఆయన చిన్నప్పుడు అమరకోశం కొంత బట్టీ పట్టారు. వెన్నెలకు అందులో చంద్రిక, కౌముది, జ్యోత్స్న అని వరసగా మూడు మాటలుంటాయి. "కౌముది చూడమ్మా, ఎంత బాగుందో. కుముదం అంటే కలువ, అది రాత్రి విచ్చుకుంటుంది, దాన్ని బట్టే వెన్నెలకు ఆ పేరు" అన్నారు. నిజంగానే బాగుంది. వారం పాటు అదే ఖాయం అనుకున్నాం. మా ఆయనే ఒప్పుకోలేదు. మొదటి అక్షరం ఇంగ్లీషులో ఆవు అవుతుంది, స్కూల్లో పిల్లలు ఊరుకోరు అన్నాడు. అది పెద్ద కారణం కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది. కౌముదులు ఎంతమంది హాయిగా పెరగలేదు? కానీ తండ్రికి ఒక భయం పట్టుకున్నాక, ఆ పేరుతో బిడ్డను పిలిచిన ప్రతిసారీ అదే గుర్తొస్తే ఎలా అని వదిలేశాం. నాన్న కాస్త నొచ్చుకున్నారు.

ఇక మా ఆయన దారి. "ద్య"తో ముగిసే మాటలు. విద్య, వైద్య, నైవేద్య, అనవద్య. విద్య దగ్గర ఇద్దరం ఆగాం. ఒకప్పుడు వీధికొకరు ఉండేవాళ్ళు, ఇప్పుడు ఏడాది లోపు పిల్లల్లో నాకు ఒక్కరూ కనిపించలేదు. ఒక పేరు అరుదు కావాలంటే పాతదై ఉండాలన్న రూలేం లేదు. మొన్నటి దాకా అందరికీ ఉన్న పేరు కూడా చాలు, అందరూ ఒకేసారి దాన్ని వదిలేసి వెళ్ళిపోతారు కాబట్టి. అయితే మా తోడికోడలి పేరు విద్య. అక్కడికి ఆ తలుపు మూసుకుంది.

దొరికింది మాత్రం నిఘంటువులో కాదు. ఒక రోజు మధ్యాహ్నం అమ్మ పాపను ఒళ్ళో వేసుకుని టీవీలో పాటల కార్యక్రమం చూస్తోంది. పన్నెండేళ్ళ పిల్ల ఎవరో పాడుతోంది. పాట అయిపోయాక అమ్మ తనలో తను అనుకున్నట్టు "ఎంత హృద్యంగా పాడిందీ!" అంది. నేను వంటింట్లో గిన్నె తుడుస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది. హృద్యంగా. చివర "ంగా" తీసేస్తే?

తడి చేతులతోనే వచ్చి ఫోన్ తీశాను. హృద్యము అంటే మనసుకు నచ్చేది, ఇంపైనది. హృదయానికి సంబంధించినది. 1899 నాటి మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు చూస్తే రుచికరమైనది అన్న అర్థం కూడా ఉంది. అదే నిఘంటువులో ఆద్య కూడా చూశాను. మొదటిది అన్న అర్థం వచ్చే ఆద్య ఒకటుంది, తినదగినది అన్న అర్థం వచ్చే ఆద్య ఇంకొకటుంది. ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటే రెండింట్లోనూ రుచి ఉందన్నమాట. ఎందుకో అది చూసి నాకు చాలా ఆనందం వేసింది.

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "ద్య ఉంది" అన్నాడు చివరికి.

కానీ వెంటనే ఖాయం చెయ్యలేదు. ఆద్య విషయంలో చేసిన తొందర మళ్ళీ వద్దనుకున్నాం. రెండు వారాలు పాపను ఆ పేరుతో పిలిచి చూశాం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, కోపంగా, ముద్దుగా, నిద్రలోంచి లేపుతున్నట్టు, రోడ్డు మీద పరిగెడుతుంటే ఆపుతున్నట్టు. "హృద్యా" అని చివర సాగదీస్తే బాగా వెళ్తుంది, దూరం వినిపిస్తుంది. ముద్దుపేరు హృదీ దానంతట అదే వచ్చింది. చెల్లి కొడుకు నోటికి "హృ" అందలేదు, "రుద్య" అన్నాడు. అదీ బాగానే ఉంది. పేరు పెట్టబోయేవాళ్ళు ఎవరైనా ఈ పిలిచి చూడటం ఒక్కటి చెయ్యండి. కాగితం మీద అందంగా ఉన్న పేర్లు కొన్ని గట్టిగా అరిస్తే ముక్కలైపోతాయి.

అభ్యంతరం అత్తయ్య దగ్గర నుంచి వచ్చింది. "హృద్రోగం గుర్తొస్తోందమ్మా. ఆస్పత్రి మాటలా ఉంది" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. మామయ్యగారు గుండె జబ్బుతో పోయారు. ఆ అక్షరం చాలా ఏళ్ళు ఆవిడకు మందుల చీటీల మీదే కనిపించింది. నేను వాదించలేదు. మీకు వద్దంటే వద్దు అత్తయ్యా అన్నాను, మనసులో దిగులుగా ఉన్నా. రెండు రోజుల తర్వాత ఆవిడే పాపకు నూనె రాస్తూ "హృద్యా, ఏయ్ హృద్యా, ఇటు చూడు" అనడం విన్నాను. నన్ను చూసి, "మామయ్యగారు ఉంటే ఈ మాటను మంచిగానే వినేవారు" అన్నారు. అంతకు మించి ఆ విషయం మేం మాట్లాడుకోలేదు.

అసలు చిక్కు రాతలో వచ్చింది. తెలుగులో హ కింద వట్రసుడి, ద కింద యవత్తు. రెండే అక్షరాలు, రెండింటి కిందా బరువు. క్యాలెండర్ కాగితం వెనక నేను ముప్పైసార్లు రాసి చూశాను. హకు వట్రసుడి పెడితే ఆ కొక్కెం కుడి పక్కకు వంగి, పక్కన ద కింద ఉన్న యవత్తు దాకా వస్తుంది. చిన్న చేతికి కష్టమే. చాలామంది వట్రసుడి బదులు క్రావడి పెట్టి కొమ్ము ఇస్తారు, "హ్రుద్య" అని. ఇంగ్లీషులో ఇంకో తగువు. మనం ఋను "రు" అని పలుకుతాం, ఉత్తరాది వాళ్ళు "రి" అంటారు. కృష్ణను నోటితో క్రుష్ణ అంటూనే ఇంగ్లీషులో ఐ పెట్టి రాస్తాం. అమృతను మాత్రం కొందరు యుతో, కొందరు ఐతో. మేం నోటికి వచ్చేదే రాతలోనూ ఉండాలని హెచ్ ఆర్ యు డి వై ఎ అని పెట్టాం. ఐ పెడితే పై రాష్ట్రాల్లో సులువు అని మా ఆయన స్నేహితుడు చెప్పాడు. కావచ్చు. కానీ ఇంట్లో హృద్య, బయట హ్రిద్య అయిపోతే పాపకు రెండు పేర్లున్నట్టు ఉంటుందనిపించింది.

జనన నమోదు ముందే పేరు లేకుండా అయిపోయింది కాబట్టి పేరు చేర్పించడానికి తర్వాత వెళ్ళాం. అంతకు ముందే ఒక టీకా కార్డు మీద మా పాప "హృదయ" అయింది. ఫోన్‌లో చెబితే అలాగే రాసుకున్నారు. వాళ్ళను అనడానికి లేదు, నా ఫోన్‌లో నేను టైప్ చేసినా అదే హృదయ అని మార్చేస్తుంది. కార్డు దిద్దించడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది రెండో బెంచీ శ్రీను చెప్పిన మాట. స్పెల్లింగ్ చెప్పాల్సిన పని లేని పేరు తక్కువ సుఖమేం కాదు. మా పాపకు ఆ సుఖం మేం ఇవ్వలేదు. తెలిసే ఇవ్వలేదు. ఆ రాత్రి కాస్త టెన్షన్‌గానే ఉంది, పెద్దయ్యాక ప్రతి కౌంటర్ దగ్గరా ఈ పిల్ల ఆగి చెప్పుకోవాలా అని. మా ఆయనే అన్నాడు, "చెప్పడానికి ఒక పద్ధతి నేర్పుదాం" అని.

పద్ధతి ఆయనే కనిపెట్టాడు. "హృదయంలో హృ, విద్యలో ద్య." ఇలా చెబితే తెలుగు వచ్చినవాళ్ళెవరూ తప్పు రాయలేదు ఇంతవరకు. పేరు చేర్పించే చోట కూడా అలాగే చెప్పాం. ప్రింట్ తీసేముందు తెర మా వైపు తిప్పమని అడిగి, తెలుగు ఒకసారి, ఇంగ్లీషు ఒకసారి అక్షరం అక్షరం చదువుకున్నాం. వెనక లైను ఉంది, అయినా తొందరపడలేదు. అలా అడగడానికి మొహమాటపడకండి. రెండు నిమిషాలు అడగకపోతే రెండు నెలలు తిరగాలి.

నాన్నకు పేరు చెప్పడానికి ఫోన్ చేస్తే, కౌముదిని వదిలేశామన్న బెంగ ఇంకా ఉందేమో అనుకున్నాను. "రాసి పంపు" అన్నారు. రాసి ఫోటో పంపాను. కాసేపటికి ఆయన కూడా కాగితం మీద రాసి ఫోటో పంపారు, నా రాత కంటే ఎంతో అందంగా. వట్రసుడి ద కిందికి వెళ్ళకుండా మధ్యలోనే చిన్నగా ఆపారు. ఆ కాగితం తెప్పించుకుని పాప బీరువా తలుపు లోపల అంటించాను.

ఇప్పుడు హృద్యకు రెండున్నరేళ్ళు. హ ఇంకా నోట్లో పలకదు, ర కూడా సరిగ్గా రాదు. ఎవరైనా పేరేంటమ్మా అని అడిగితే "లుద్య" అంటుంది. వాళ్ళు "రుద్రా?" అంటారు. ఇన్నాళ్ళూ వెనక నుంచి నేను అందుకునేదాన్ని. మొన్న పిల్లల డాక్టర్ దగ్గర కొత్త నర్సు అలాగే అడిగింది, అలాగే "రుద్రా?" అంది. నేను నోరు తెరిచేలోపు పాప తల అడ్డంగా ఊపి, వేలు ఎత్తి, "విద్దెలో ద్య" అంది.